రసమట్టం

ట్రైలరుని వెనక్కి నడిపి జాగాలో పెట్టడం
ఈ సరస్సు ఒడ్డున మాకున్న ఒకే ఒక్క నాటకం.
టికెట్టు లేదు.
మడత కుర్చీలు వాటంతటవే అటు తిరుగుతాయి.

మానిటోబాలో జులై. రాత్రి పది కావస్తున్నా
నీళ్ల మీద ఇంకా కాస్త వెలుతురు,
గిన్నె అంచుకి అంటుకున్న మీగడలా.
అప్పుడొచ్చారు హెల్గసన్ వాళ్లు,
బ్రాండన్ నుంచి ఆగకుండా,
ట్రక్కు నెత్తిన పడవ, తోకకి ముప్ఫై అడుగుల ఇల్లు,
వెనక సీట్లో ఆకలి మీదున్న ముగ్గురు పిల్లలు.

ఐనార్ స్టీరింగు దగ్గర,
దారియా వెనకాల చీకట్లో, టార్చిలైటుతో.
"ఎడమకి!"
"ఎవరి ఎడమ?"
అక్కడే చెడుతుంది ఎప్పుడూ.
వెనక్కి వెళ్లేటప్పుడు లోకం తిరగబడుతుంది:
నువ్వు కుడికి తిప్పితే ఇల్లు ఎడమకి పోతుంది.
కొత్తగా పెళ్లయినవాళ్లకి ముందు ఇది నేర్పాలి,
మిగతావి వాళ్లే నేర్చుకుంటారు.

మూడుసార్లు పెట్టాడు, మూడుసార్లు తీశాడు.
నాలుగోసారి కుళాయి గొట్టానికి జానెడు దూరంలో ఆగింది.
నేను లేచాను.
తొమ్మిది వేసవులుగా ఈ కాంపు చూసుకుంటున్నదాన్ని,
ఆ గొట్టం విరిగితే బురదలోకి దిగేది నేనే.

నాకంటే ముందు మా ట్రైలరు కిటికీ తెరుచుకుంది.
ఓర్విల్.
నలభై ఏళ్లు ధాన్యం లారీలు తోలిన మనిషి.
నాలుగేళ్లయింది చూపు పోయి,
ఇప్పుడు నా ముఖం ఆయనకి ఒక లేత మరక, అంతే.
"కుడి టైరు గడ్డెక్కింది," అన్నాడు,
"వినబడట్లేదా? ఆపమను.
అతన్ని దిగమని, ఆమెని ఎక్కమను."

ఎవరూ నవ్వలేదు.
పదకొండో నంబరు వాళ్ల మార్ష్‌మాలో
పుల్ల చివర అలాగే మాడిపోతోంది.
దారియా టార్చి మొగుడి చేతికిచ్చి ఎక్కింది.
సీటు ముందుకి లాక్కుంది. అద్దం తనకి తగ్గట్టు తిప్పుకుంది.
"స్టీరింగు అడుగున చెయ్యి పెట్టమ్మా," కిటికీలోంచి ఓర్విల్,
"ఇల్లు ఎటు పోవాలో చెయ్యి అటు పోనీ.
అంతకన్నా ఏం లేదు ఇందులో."

కరకర. అది గులక.
మెత్తగా. అది రాలిన పైన్ ఆకు.
ఓర్విల్ చెవి కిటికీకి ఆనించి
ఊపిరి కూడా చిన్నగా పీలుస్తున్నాడు.
"నిదానం... నిదానం... చాలు."

ఒక్కసారికే!
చప్పట్లు. కుక్కలు.
నీళ్ల నడుమ లూన్ పక్షి వెకిలిగా నవ్వింది,
దానికి మేమంటే మొదట్నుంచీ చులకనే.

ఐనార్ చేతిలో టార్చి ఇంకా వెలుగుతూనే ఉంది,
తన బూట్ల మీదకి.
కాసేపటికి మోకాళ్ల మీద కూర్చుని
చక్రాల కింద చెక్కలు దోపడం మొదలెట్టాడు.
రసమట్టం గడప మీద పెట్టి
"ఇంకో చెక్క," అన్నాడు, ఎవరితోనో చెప్పాలన్నట్టు.
"బుడగ మధ్యకి రాకపోతే ఏమవుతుంది?" చిన్నది అడిగింది.
"రాత్రంతా మీ అమ్మ మీదకి దొర్లుతాను."
చీకట్లో దారియా నవ్వు వినబడింది,
ఆ పూటకి మొదటిసారి.
ఒడ్డు కింద సరస్సు
ఏ చెక్కా అక్కర్లేకుండా మట్టంగా పడుకుని ఉంది.

పొద్దున్నే ఆ చిన్నదే, పేరు సిగ్రున్,
ప్లేటులో రెండు పాన్‌కేకులు పట్టుకొచ్చింది,
ఒకటి దారిలో కొరికింది.
"మీకు సరస్సు కనబడదా?"
"కనబడదు. ఒడ్డు ఎక్కడుందో
అదే రోజంతా చెబుతూ ఉంటుందిగా."
పిల్ల కాసేపు ఆలోచించింది.
పరుగెత్తి వెళ్లి నాన్న రసమట్టం తెచ్చి
ఆయన అరచేతిలో పెట్టింది.

ఆ చెయ్యి వణుకుతుంది ఈ మధ్య.
బుడగ అటొకసారి, ఇటొకసారి.
"మధ్యలో ఉందా?" అడిగాడు ఓర్విల్.
సిగ్రున్ నా వంక చూసింది.
నేను పాన్‌కేకు వంక చూశాను.
"దాదాపు," అంది.